మూడు దినముల సెలవు – మన రైలు ధర్మము

క్రొత్త సంవత్సరపు క్యాలెండరు గోడకు తగిలించిన నాడు పట్టణవాసి మొదట వెదకునది తిథివార నక్షత్రములను గాదు. ఏ పండుగ శుక్రవారమున పడినది, ఏ జాతీయదినము సోమవారమునకు తగిలినది అను లెక్కనే యతడు ముందుగా చూచుచున్నాడు. 2025లో ఆగస్టు 15 శుక్రవారమైనది. 2026లో జనవరి 26 సోమవారము, అక్టోబరు 2 శుక్రవారము. శని యాదివారములతో గలిసి యిట్టివి మూడేసి దినముల సెలవులగుచున్నవి. హైదరాబాదు వంటి మహానగరమున బ్రతుకువారికి ఈ మూడు దినములు ఎండకాలపు నీటిచెలమ వంటివి. సెలవునకు ముందటి సాయంకాలము సికిందరాబాదు, నాంపల్లి, కాచిగూడ స్టేషనులను జూచినవారికి ఆ దాహమెట్టిదో వేరుగ జెప్ప బనిలేదు.

ఈ ప్రయాణములను గూర్చి మా యభిప్రాయమును ముందే చెప్పివేయుచున్నాము. పట్టణవాసి మూడు దినములు నగరమును విడిచి తిరిగివచ్చుట మంచిది. రైలులో బోయివచ్చుట మరింత మంచిది. కాని వినోదమునకై పోవువానికిని, అవసరమునకై పోవువానికిని బండి ఒక్కటే, ఆసనములు పరిమితములు. వినోదయాత్రికునకు ముందుగా యోచించుకొను తీరిక గలదు. అవసరయాత్రికునకు అది లేదు. తండ్రికి జబ్బుచేసినదని రాత్రి కబురు వచ్చినవాడు రెండునెలల ముందు టిక్కెట్టు కొనియుండజాలడు. కావున ముందుచూపు వినోదయాత్రికునకు సౌకర్యము మాత్రమే గాదు. అది యాతని పౌరధర్మము.

మా మిత్రులలో కొందరు కఠినవ్రతులు గలరు. స్వాతంత్ర్యదినమున పతాకవందనము మాని సముద్రపు టొడ్డునకు బోవుట దేశద్రోహమన్నంత దూరము వారు పోవుదురు. మేమంత దూరము పోజాలము. ఆరుదినములు కార్యాలయములలో కన్నులు కాయలు గాచునట్లు పనిచేయువాడు, బడిపిల్లలతో పందెమువైచి తెల్లవారుజామున లేచు ఇల్లాలు, అద్దెయింటి నాలుగు గోడల నడుమ పెరుగుచున్న బిడ్డలు – వీరికి గాలి మార్పు వలదనువాడు దేశసేవ యనగా నేమో యెరుగడు. అలసిన జాతి యే కార్యమును చేయజాలదు. పతాకమునకు ఉదయము పది నిమిషములు చాలును. దేశమును జూచుటకు మూడు దినములును చాలవు.

రైలే యేల యనువారికి సమాధానము సులభము. పెద్ద సెలవులకు విజయవాడ రాచబాటపై చౌటుప్పలు దగ్గరి పంతంగి టోలుగేటు కడ మోటారుకార్లు చీమలబారు గట్టుచుండుట ప్రతియేటి వార్త. కారులో బోవువాడు తన యింటిని వెంటబెట్టుకొని పోవుచున్నాడు. అతనికి దారిలో నెదురగునది టోలుగేటును, హోటలును మాత్రమే. రైలులో బోవువాడు తోడి మనుష్యులతో మోకాలికి మోకాలు తగులునట్లు కూర్చుండును. ఎదుటి బల్లమీది రైతుతో నేడు మిరప ధర యెట్లున్నదో మాటాడును. కృష్ణ వంతెన మీద బండి పోవునపుడు చిల్లర నాణెము నదిలో వేయు ముసలమ్మను జూచును. దేశమను మాటకు ముఖములు గలవని తెలియుట రైలుపెట్టెలోనే.

ఇట్టి బండిలో సెలవు ముందటి రాత్రి యెవరెవరు ఎక్కుచున్నారో చూడుడు. వసతిగృహమునుండి ఇంటికి బోవు విద్యార్థి యొకడు. కట్టడపు పని ముగించుకొని, సంచిలో సిమెంటు మరకల బట్టలతో స్వగ్రామమునకు బోవు కూలి యొకడు. పెద్దాసుపత్రిలో చూపించుకొని మందులసంచితో తిరిగిపోవు రోగి యొకడు. ఉద్యోగపరీక్షకు బోవు యువతి యొకతె. వీరి నడుమ, పెట్టెలు, దుప్పట్లు, చిరుతిండి పొట్లములతో విహారమునకు బయలుదేరిన మనవంటి కుటుంబము. టిక్కెట్టు మీద వీరందరును ప్రయాణీకులే. చట్టమునకు భేదము లేదు. మనస్సాక్షికి మాత్రము భేదముండవలెను.

ఇక యోచన యనగా నేమి? రైలు రిజర్వేషను గడువు 2024 నవంబరు 1వ తేదినుండి 120 దినములకు బదులు 60 దినములైనది. ప్రయాణదినమును లెక్కింపక వెనుకకు 60 దినములు లెక్కపెట్టిన వచ్చు తేదిన ఉదయము 8 గంటలకు తలుపు తెరువబడును. 2026 అక్టోబరు 2 శుక్రవారమునే మాదిరిగా గొందము. ఆనాటి బండికి టిక్కెట్టు లిచ్చునది ఆగస్టు 3న. ఆదివారము అక్టోబరు 4 నాటి తిరుగు ప్రయాణమునకు ఆగస్టు 5న. ఈ రెండవ తేదిని మరచువారే యెక్కువ. పోవుటకు సుఖముగ టిక్కెట్టు గొని, వచ్చుటకు లేక, ఆదివారము రాత్రి పరుగులిడువారిని ప్రతి సెలవునకును జూచుచున్నాము. ఇంటిగోడ మీది క్యాలెండరులో సెలవు దినము చుట్టు ఎఱ్ఱగీత గీచువాడు, దానికి 60 దినముల ముందటి తేది చుట్టును మరియొక గీత గీచిన యెడల సగము చిక్కు తీరును.

అట్లు చేయనివాడు తత్కాలు తలుపు తట్టును. చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొనుట యనగా నిదియే. తత్కాలు టిక్కెట్లు ప్రయాణమునకు ముందటినాడు ఉదయము 10 గంటలకు ఏ.సి. తరగతులకును, 11 గంటలకు తక్కిన తరగతులకును ఇచ్చుచున్నారు. దళారుల బెడద తగ్గించుటకై 2025 జులై 1 నుండి అంతర్జాలములో ఆధారుతో ధ్రువపరచుకొన్నవారికే యీ టిక్కెట్లనియు, మొదటి అరగంట ఏజెంట్లకు ప్రవేశము లేదనియు నియమము చేసిరి. నియమము మంచిదే. కాని తత్కాలను పేరెందుకు వచ్చినదో మన మాలోచింపవలెను. తత్కాలమున బయలుదేరవలసి వచ్చినవాని కొఱకది. చావుకబురు విన్నవాడు, ఆపరేషను తేది ముందునకు జరిగినవాడు, మాటాడుటకు రమ్మని ఉత్తరము వచ్చిన నిరుద్యోగి – వీరి వాకిలి యది. ఏడాది ముందే యెరిగిన సెలవునకు, ఆ వాకిట నిలిచి, వేగమైన ఫోనుతో, వేగమైన వ్రేళ్ళతో వారిని వెనుకకు నెట్టుట పరాక్రమముగ చెప్పుకొనువారు గలరు. పంక్తిలో కూర్చుండి తినగలవాడు అన్నసత్రమున ఆకలిగొన్నవాని విస్తరి లాగికొనుట వంటి పరాక్రమ మది.

ప్రీమియం తత్కాలు కథ వేరు. అందు ఆసనములు తగ్గినకొలదిని వెల పెరుగుచుండును. సంచిబరువే అందు అర్హత. విహారయాత్రికుడు వెల లెక్కచేయడు. చావునకు బోవువాడు లెక్కచేయజాలడు. ఇద్దరును చెల్లింతురు. కాని యొకడు సంతోషమున, రెండవవాడు అప్పుచేసి. ఇట్టి యేర్పాటును ప్రజాప్రభుత్వపు రైలులో నుంచవలెనా యని పార్లమెంటు సభ్యులు అడుగవలసియున్నది.

వీటినన్నిటిని మించిన యవినీతి మరియొకటి గలదు. దానిని గూర్చి వ్రాయుటకు మా వృత్తివారికే ఎక్కువ కోపము రావచ్చును. ఎమర్జెన్సీ కోటా యని కొన్ని ఆసనములను రైల్వేవారు అట్టిపెట్టుదురు. అత్యవసరమైన ప్రభుత్వకార్యము, వ్యాధి, కుటుంబములో ఆపద, ఉద్యోగ సంభాషణ – ఇట్టివాటికై యేర్పడినవి యవి. వీటికొఱకు పెద్దల సిఫారసు ఉత్తరములు పోవుచుండును. మూడు దినముల సెలవు వచ్చినదనగా ఈ యుత్తరముల కొఱకు ఎవరెవరు తిరుగుచున్నారు? కోర్టు బారులోను, కచేరీ వరండాలలోను, పార్టీ కార్యాలయములలోను విచారించి చూడుడు. చదువుకొన్నవారము, పలుకుబడి గలవారము, మేమే. అరకులోయకు బోవు ఆరుగురికి సభ్యునిచేత "అత్యవసర" మని వ్రాయించుకొనుట మన పట్టణములలో తప్పుగనే యెన్నబడుటలేదు. పైగా అది పలుకుబడికి గుర్తు. ఆ యారు బల్లలలో నొకటి, ఆ రాత్రి నిమ్సునుండి బిడ్డతో తిరిగిపోవు తల్లిదై యుండవచ్చును. ఆమెకు ఉత్తరము వ్రాసిచ్చు పెద్ద లెవరును లేరు. తెల్లదొరల కాలమున సిఫారసును బానిసత్వమంటిమి. స్వరాజ్యమున దానిని మర్యాద యనుచున్నాము.

దీనికి విరుగుడు కష్టమైనది గాదు. ఏ సెలవునకు, ఏ బండిలో, ఎన్ని ఆసనములు ఈ కోటా క్రింద నిచ్చిరో, ఏ కారణముల క్రింద నిచ్చిరో, పేర్లు లేకుండ లెక్క మాత్రము స్టేషనులో నంటించవలెను. వెలుతురు పడినచోట బొద్దింకలు నిలువవు.

ఇక సాధారణపు పెట్టె. విహారయాత్రికుడు దానిలో నెక్కడు. కాని ఆతడు చివరినిమిషమున ఆక్రమించిన ప్రతి ఆసనమునకు బదులుగా మరియొకడు దానిలోనికే త్రోయబడుచున్నాడు. వెయిటింగు లిస్టులో మిగిలిన ఈ-టిక్కెట్టు తనంతట రద్దగును. పోక తప్పనివాడు సాధారణ టిక్కెట్టు కొని, 90 లేక 100 ఆసనములు గల పెట్టెలో, తలుపుమెట్టు మొదలు మరుగుదొడ్డి వాకిలి దాక నిలిచియున్న జనములో గలియును. రిజర్వేషను పెట్టెలలో బల్లకొక్కడని లెక్క గలదు. సాధారణ టిక్కెట్లకు మాత్రము ఈ బండికింతమంది యను మితి లేదు.

చట్టమేమి చెప్పుచున్నది? 1989 నాటి రైల్వే చట్టపు 57వ సెక్షను ప్రకారము ప్రతి పెట్టెలోను ఎందరు ప్రయాణీకులుండవచ్చునో రైల్వే పాలకులు నిర్ణయింపవలెను. ఆ సంఖ్యను హిందీ, ఇంగ్లీషులతో పాటు ఆ ప్రాంతపు భాషలోను కనబడునట్లు వ్రాయింపవలెను. ఈ నియమము క్రొత్తది గాదు. 1890 నాటి చట్టములోను ఇట్టిదే యుండెను. 1917లో గాంధీమహాత్ముడు బొంబాయినుండి మద్రాసునకు మూడవ తరగతిలో ప్రయాణముచేసి, 22 మందికని వ్రాసియున్న పెట్టెలో జరిగిన దానిని లోకమునకు దెలిపెను. 1974లో మూడవ తరగతి యను పేరు పోయినది. పేరు పోయినది గాని గుణము పోలేదు. 2025 ఫిబ్రవరి 15 రాత్రి క్రొత్త ఢిల్లీ స్టేషనులో కుంభమేళా యాత్రికుల త్రొక్కిసలాటలో 18 మంది చనిపోయిరి. పిమ్మట ఢిల్లీ హైకోర్టువారు ఈ 57వ సెక్షనునే యెత్తి, ఒక పెట్టెకు మితి యున్నపుడు మితిమీరిన టిక్కెట్లేల యని రైల్వేవారి నడిగిరి. ఆ ప్రశ్న ఢిల్లీకి మాత్రమే సంబంధించినది గాదు. సెలవు రాత్రుల సికిందరాబాదునకును చెందినది.

రైల్వేవారికి మా ప్రశ్న మరియొకటి గలదు. ఆగస్టు 15 ఏ వారమున బడునో, సంక్రాంతి యెప్పుడు వచ్చునో ప్రజలకన్న వారికి ముందే తెలియును గదా! అట్లుండ ప్రత్యేకపు బండ్లను సెలవు ముంగిటికి వచ్చిన పిమ్మట ప్రకటించుట యేల? రిజర్వేషను తెరచు 60వ నాటికే అవియును పట్టికలో నుండిన యెడల తొందర సగము తగ్గును. ప్రత్యేకమను పేరుతో ప్రత్యేకపు ఛార్జీ వసూలుచేయుట మాని, రిజర్వేషను లేని బండ్లను కొన్నింటిని మామూలు ఛార్జీకే నడుపవలెను. సెలవు దినములలో నడచు ప్రతి దూరపు బండికిని రెండు సాధారణపు పెట్టెలను అదనముగ తగిలింపవలెను. ప్రజలను ముందుచూపు నేర్చుకొండని చెప్పు హక్కు, ముందుచూపు గల పాలకులకే యుండును.

రైలు ఎవరి కొఱకను ప్రశ్న మన నగరమున క్రొత్తది గాదు. 1883లో చాందా రైలుమార్గపు షరతులను ప్రజలకు వెల్లడింపుడని హైదరాబాదు పౌరులు గొంతెత్తిరి. వారిలో ముఖ్యుడైన అఘోరనాథ ఛటోపాధ్యాయుడు రాజ్యమునుండి వెడలగొట్టబడెను. ఆయన సరోజినీదేవికి తండ్రి. రైలు లెక్క అడిగినందుకు దేశాంతరము పోయిన వారి నగరము మనది. నేడు అడిగినచో నెవ్వరును వెడలగొట్టరు. అయినను మన మడుగుటలేదు.

ఇక నెక్కడికి బోవలెనను విషయము. పెరటిచెట్టు మందునకు పనికిరాదని మనవారి సామెత. మూడు దినముల సెలవనగా అందరికిని ఊటీ, గోవా, అరకు మాత్రమే తోచుచున్నవి. మూడింట రెండువంతుల కాలము దారిలోను, తక్కినది వసతిగది వాకిటి బారులోను గడచును. మే మొక దగ్గరి యాత్రను సూచించుచున్నాము. ఇది సికిందరాబాదునుండి సుమారు 440 కిలోమీటర్లలో ముగియును. ఇందు కొండలేదు గాని సముద్రము గలదు. సముద్రముకన్న లోతైన చరిత్రయు గలదు. తెనాలి, చీరాల, బాపట్ల – ఈ మూడును ఒకే రైలుదారిలో నున్నవి. రాత్రిబండ్లను అవసరయాత్రికులకు విడిచి, ఆదిలాబాదునుండి తిరుపతికి బోవు కృష్ణా ఎక్స్‌ప్రెస్ వంటి పగటిబండిలో శుక్రవారము ఉదయము బయలుదేరవచ్చును. పగలు కిటికీ చెంత గడచును గాని వ్యర్థము గాదు. కాజీపేట దాటిన పిమ్మటి ప్రత్తిచేలు, ఖమ్మము మిరపతోటలు, కృష్ణానది, ఆవలి డెల్టా వరిపొలములు – రెండు రాష్ట్రముల తెలుగునేల యంతయు కిటికీలో నడచిపోవును.

మొదట దిగవలసినది తెనాలిలో. 1942 ఆగస్టు 8న బొంబాయిలో క్విట్ ఇండియా తీర్మానము జరిగెను. 9న నాయకులందరు నిర్బంధింపబడిరి. 12వ తేదిన తెనాలి ప్రజలు వీధులలోనికి వచ్చిరి. రైలుస్టేషను మంటల పాలయ్యెను. పోలీసుల కాల్పులలో ఏడుగురు ప్రాణములు విడిచిరి. ఆ యేడుగురికి గుర్తుగా నేడు రణరంగచౌకులో ఏడు స్తంభములు నిలిచియున్నవి. స్టేషనునుండి ఆ చౌకునకు బోయి రెండు నిమిషములు నిలువుడు. నాడు ఆ స్టేషనును తగులబెట్టినవారు రైలునకు శత్రువులు గారు. ఆనాడు రైలు పరప్రభుత్వపు సేనలను మోయు పనిముట్టు. ఈనాడది మన సొమ్ము. పరాయివాని చేతినుండి దానిని విడిపించుటకు ఏడుగురు చచ్చిన యూరి మీదుగా, దొంగ "అత్యవసర" ఉత్తరముతో ప్రయాణముచేయుట ఎట్టిదో అచట నిలిచినవారికి తానుగ తోచును.

ఆ సాయంకాలమే బండి యెక్కిన చీరాల చేరవచ్చును. శనివారమంతయు చీరాలదే. చీరాల పేరాల గ్రామములను గలిపి ప్రభుత్వము మునిసిపాలిటీగ జేసి పన్నులు పెంచినపుడు, నేతగాండ్రు, రైతులు, చిన్న వర్తకులు మాకీ భారము వలదనిరి. 1921 ఏప్రిలు 6న గాంధీమహాత్ముడు అచటికి వచ్చి వెళ్ళెను. పిమ్మట ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున జనులు ఇండ్లకు తాళములు వైచి, ఊరి వెలుపల రామనగరమను పేర పాకలు వేసికొని, సుమారు 11 నెలలు ఎండకు వానకు ఓర్చిరి. సుమారు 15,000 జనులలో పెక్కుమంది యిట్లు ఊరు విడిచిరి. ఎడిన్‌బరోలో చదువుకొని వచ్చిన పండితుడు, పాటగాడు, రామదండు సేనాని యైన ఆ మహాశయుడు చెరసాల పాలగుటతో ఆ యుద్యమము సన్నగిల్లెను. 1928లో ఆయన పేదరికముననే కన్నుమూసెను. మూడు దినములు ఊరు విడిచిపోవుటకు మనమెన్ని సౌకర్యములు కోరుచున్నాము! పదునొకండు నెలలు ఊరు విడిచినవారు కోరినదేమి? తమ పన్ను తమ యిష్టమున వేసికొను హక్కు. బిడ్డలకు ఈ కథను ఆ యూరిలోనే చెప్పవలెను.

చీరాల నేటికిని మగ్గపు టూరే. కుప్పడపు చీరలు నేయు ఇండ్లలోనికి అడిగి పోయిన, ఆడుటయే గాని అలసట యెరుగని నాడెను జూడవచ్చును. కొనదలచినవారు నేతగాని యొద్దనే, బేరమాడక కొనుడు. నగరపు గాజుల అంగడిలో నోరెత్తక చెల్లించి, నేసినవాని గుడిసెలో నూరు రూపాయలకు వాదించుట పౌరుషము గాదు. సాయంకాలము వాడరేవు సముద్రతీరము కొన్ని కిలోమీటర్ల దూరముననే యున్నది. చేపల పడవలు ఒడ్డెక్కు తావులో ఆటలకు దిగి జాలరుల వలలను త్రొక్కకుడు. సముద్రము మనకు వినోదము, వారికి పొలము.

ఆదివారము ఉదయము 15 కిలోమీటర్ల దూరమున నున్న బాపట్లకు పోవచ్చును. 2022 ఏప్రిలు 4 నుండి అది జిల్లా ముఖ్యపట్టణము. భావనారాయణస్వామి గుడిని జూడుడు. తీరము కావలెనన్న సూర్యలంక గలదు. కాని యీ యూరికి మన మ్రొక్కవలసిన కారణము వేరొకటి. 1913లో మొదటి ఆంధ్రమహాసభ కూడినది యిచటనే. బయ్యా నరసింహేశ్వరశర్మగారు అధ్యక్షులు. తెలుగువారికి ప్రత్యేకరాష్ట్రము కావలెనను మాట పెద్ద సభలో పుట్టి, 1953 అక్టోబరు 1న కర్నూలులో ఆంధ్రరాష్ట్రముగ ఫలించుటకు నలువది సంవత్సరములు పట్టినది. ముందుచూపన నెట్టిదో ఆ పెద్దల నడుగవలెను. వారు చూచినది 60 దినములు గాదు. బాపట్లలోనే పగటిబండి యెక్కిన రాత్రికి నగరము చేరవచ్చును. సోమవారము ఉదయపు పనివేళకు చేరవలసిన కూలివానికి ఆదివారపు రాత్రిబండిలో ఒక చోటు మిగిలినదను తృప్తియు మనకు మిగులును.

యాత్రికుని మర్యాదను గూర్చి నాలుగు మాటలు చెప్పి ముగింతుము. బయలుదేరలేకపోయిన యెడల టిక్కెట్టును ఆ క్షణముననే రద్దుచేయుడు. చేతిలో టిక్కెట్టు నుంచుకొని ఇంట కూర్చుండుట, నలుగురు నిలిచియుండగా బల్లకు తాళము వేయుట వంటిది. రిజర్వేషను పెట్టె తలుపును లోపలినుండి గడియవేసి నడుమ స్టేషనులో బిడ్డనెత్తుకొని పరుగెత్తువానిని తిట్టకుడు. పగటివేళ నొక్క గంట కూర్చుండుటకు మీ బల్లమీద నొకరికి చోటిచ్చినచో చట్టము మిమ్ము బలవంతపెట్టలేదు గనుకనే అది మీ గొప్ప. సామాను తగ్గించుడు. ఇల్లాలికి ఏ క్యాలెండరులోను సెలవు లేదు. మూడు దినముల తిండి ఆమెచేత వండించి మూటగట్టించి, దానికి విహారమని పేరుపెట్టకుడు. దారియూళ్ళలో ఇడ్లీ, పెరుగన్నము దొరకును.

పఠనమందిరముల వారికి ప్రత్యేకముగ నొక మనవి. పత్రికల బల్ల ప్రక్కన నొక నల్లబల్ల నుంచుడు. దానిమీద రాబోవు సెలవులను, వానికి రిజర్వేషను తెరచు తేదులను సుద్దతో వ్రాయుడు. ఫోను లేనివారికి, ఉన్నను ఆ చిక్కుముడులు విప్పజాలని ముసలివారికి, కూలివారికి టిక్కెట్టు తీయించి యిచ్చుటకు ఉదయము 8 గంటలకు ఇద్దరు యువకులు కూర్చుండిన చాలును. దానికి దళారి రుసుము పుచ్చుకొనరాదు. సెలవు సాయంకాలములలో పదిమంది స్వచ్ఛందసేవకులు సికిందరాబాదు ప్లాట్‌ఫారము మీద నిలిచి, చదువురానివారికి పెట్టె సంఖ్య చూపి, ముసలివారిని ఎక్కించి, నీరందించిన యెడల అది ఒక దినపు సత్యాగ్రహమునకు తక్కువ గాదు. పూర్వము కాంగ్రెసు మహాసభలకు వచ్చు జనమును దించుకొనుటకు మన యువకులు స్టేషనులలో నిలిచిరి. ఆ చొక్కాలు చినిగిపోయినవి. ఆ పని యట్లే యున్నది.

ఇదియంతయు చిన్న విషయమని నవ్వువారుందురు. ఒక టిక్కెట్టు, ఒక బల్ల, ఒక సెలవు – వీనిలో స్వరాజ్య మెక్కడిదని యడుగుదురు. స్వరాజ్యము శాసనసభలో పుట్టును గాని పెరుగుట మాత్రము ఇట్టి చోట్లనే. పదిమంది వస్తువును పదిమందికి మిగులునట్లు వాడుకొనుట నేర్చిన జాతికి పాలకు లెవరు వచ్చినను కీడుచేయజాలరు. అది నేర్వని జాతికి ఎన్ని బండ్లు వేసినను చోటు చాలదు. వచ్చు సెలవునకు తప్పక బయలుదేరుడు. అరువది దినముల ముందు టిక్కెట్టు కొనుడు. పగటిబండి యెక్కుడు. దగ్గరి నేలను జూచి రండు.